బాధ్యులు కావలెను

నెమళ్లగెడ్డ సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడిన పద్నాలుగు నెలలకు, దాన్ని ఆదుకోవాలని ప్రభుత్వం నిర్ణయించింది. నిర్ణయం తీసుకున్నది మంగళవారం. ఫ్యాక్టరీ అంతకు ముందురోజే, సోమవారం పొద్దున, నడవడం మొదలుపెట్టింది. తేడా ఒక్కరోజే. తరవాత జరిగినదంతా ఆ ఒక్కరోజు వల్లే జరిగింది.

నడిపినవాడి పేరు పరదేశినాయుడు. మిల్లు హౌసులో ఫోర్‌మన్. ముప్ఫయ్యొక్క ఏళ్ల సర్వీసు. ఇనప కడ్డీ ఒక కొస బేరింగుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, లోపల ఏ గుండు అరిగిందో చెప్పగలడు. మనుషుల మాటలు మాత్రం రెండోసారి చెబితేగానీ వినపడవు. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఆ మోతలో నిలబడ్డాక ఎవరికైనా అంతే.

ఫ్యాక్టరీ మూతపడటానికి పెద్ద కారణం ఏమీ లేదు. చెరకు వరసగా నాలుగు మిల్లుల మధ్య నలిగి రసం దిగుతుంది. మూడో మిల్లు పైరోలరు ఇరుసు బీటవారింది. కొత్త రోలరు కావాలని ఫ్యాక్టరీ పై ఆఫీసుకి రాసింది. బీట వారినందుకు బాధ్యులెవరని పై ఆఫీసు అడిగింది. పాతబడటం వల్ల వారిందని ఫ్యాక్టరీ రాసింది. పాతబడుతున్నప్పుడు చూస్తూ ఊరుకున్నదెవరని పై ఆఫీసు అడిగింది. ఈలోగా ఒక సీజను దాటిపోయింది. ఉన్న ఆఫీసర్లందరూ ఒకరి తరవాత ఒకరు బదిలీ చేయించుకుని వెళ్లిపోగా, చివరికి మిగిలిన కామేశం గారు ఇన్‌ఛార్జి మేనేజరయ్యారు. ఆయన బదిలీకి అర్జీ పెట్టడం కూడా ఒక నిర్ణయమే అవుతుందేమోనని భయపడి పెట్టలేదు.

ఒకరోజు కూనిశెట్టి అప్పలనర్సు అనే రైతు ఫ్యాక్టరీ గేటు దగ్గర పరదేశిని పట్టుకున్నాడు. అతనికి ఆరెకరాల చెరకు.

"ఏటి మావా, ఈ ఏడు కూడా సెరుకు పొయ్యిలో ఎట్టుకోమంటావేటి? నిరుడు సగం ఎండిపోనాది. మిగతాది అయినకాడికి ఇచ్చీసినాను. ఈ ఏడు ఇంకో కారు ఆగనేను. సెరుకు పీకీసి సరుగుడు ఏసుకోమంటే ఏసుకుంటాను. నువ్వు సెప్పు."

పరదేశి కాటా వెనక తుప్పల్లో పడివున్న పాత రోలరు దగ్గరికి వెళ్లి, సాయంత్రందాకా దానికేసి చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడో పాత ప్లాంటు విప్పినప్పుడు తీసిపారేసిన రోలరది. రికార్డులో తుక్కు అని ఉంది. మర్నాడు కామేశం గారి గదికి వెళ్లాడు.

"బాబూ, ఆ తుప్పల్లో రోలరుని లేతుకెక్కించి, సాపు సేసి, మూడో మిల్లుకి ఎక్కించీనా?"

కామేశం గారు ఫైలులోంచి తల ఎత్తకుండా అన్నారు. "నాయుడూ, నాకేమీ వినపడలేదు."

పరదేశి మళ్లీ గట్టిగా చెప్పబోయాడు.

"వినపడలేదంటున్నానుగదా," అన్నారు కామేశం గారు ఇంకా మెల్లిగా. "ఎంత గట్టిగా చెప్పినా వినపడదు. వెళ్లి నీ పని చూసుకో."

ఆయన సర్వీసులో ఇచ్చిన మొదటి అనుమతి అది. పరదేశి, మరో పదకొండుమంది కార్మికులు, ఇరవై రోజులు కష్టపడ్డారు. రోలరు ఎత్తడానికి చైన్ కప్పీలు రైతులు తెచ్చారు. రోలరు ఎక్కింది. సోమవారం పొద్దున ఆవిరి వచ్చింది. అప్పలనర్సు బండిలోంచి మొదటి చెరకు మోపు దింపారు. రసం కాలవలోకి నురగలు కక్కుతూ దిగుతుంటే అక్కడున్నవాళ్లు కేకలు వేశారు. పరదేశి వేయలేదు. కడ్డీ చెవికి పెట్టుకుని మూడో మిల్లు చెప్పేది వింటున్నాడు. పాత ఇనుము మూలుగుతోందిగాని, మోస్తోంది.

*

ఇక మంగళవారం సంగతి. ఆ రోజుల్లో ప్రభుత్వానికి జవాబుదారీతనం మీద కొత్తగా మోజు పుట్టింది. అంతకుముందు ప్రభుత్వం చాలా ఫ్యాక్టరీలను ఆదుకుంది. ఆదుకున్నవన్నీ ఆదుకున్నాకే మునిగాయి. మునిగాక, ఇంతకీ వీటిని ఆదుకున్నదెవరు అని సభలో ఎవరో అడిగితే ఒక్కరి పేరూ దొరకలేదు. అందుకని కొత్త నియమావళి వచ్చింది. ఇకమీదట ప్రభుత్వం ఏ సంస్థను ఆదుకున్నా, ఆదుకున్నందుకు ఒక బాధ్యుణ్ణి పేరుతో సహా ప్రకటించి, ఆ పేరు రాతి ఫలకం మీద చెక్కించి గేటు దగ్గర పెట్టాలి. ఆ నియమావళి కింద ఆదుకోవడానికి ఎంపికైన మొదటి సంస్థ నెమళ్లగెడ్డ ఫ్యాక్టరీ.

శుక్రవారం నాడు ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు గారు కారులో దిగారు. నియమావళి రాసింది ఆయనే. వెనక జీపులో బ్యానరు వచ్చింది. దానిమీద 'నెమళ్లగెడ్డ ఫ్యాక్టరీకి పునర్జన్మ' అని ఉంది. గేటు దాటాక ఆయన ఆగి చెవి రిక్కించారు.

"ఏమిటా శబ్దం?"

"ఫ్యాక్టరీ సార్," అన్నారు కామేశం గారు.

"ఫ్యాక్టరీ మూతపడింది కదా?"

"పడింది సార్. సోమవారం దాకా."

త్రివిక్రమరావు గారు పొగగొట్టం కేసి చూశారు. పొగ వస్తోంది. ఆయన ముఖం, పెళ్లికి వచ్చేసరికి తాళి కట్టడం అయిపోయిన పురోహితుడి ముఖంలా అయింది. పరదేశిని పిలిపించారు. పరదేశి నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎవరి అనుమతితో ఈ సంస్థను ఆదుకున్నారు?"

"ఆదుకోడం ఏటండి బాబూ? రోలరు మార్సినాం."

"చూడండి. మూతపడిన సంస్థను ఆదుకొనుటకు ప్రభుత్వం సంకల్పించింది. ఆదుకొనుటకు ముందే సంస్థ నడిచినచో, ప్రభుత్వం దేనిని ఆదుకొనవలెను? ఇది ప్రభుత్వ సంకల్పానికి కలిగించిన అంతరాయం."

"అయితే ఇప్పుడేటి సేయమంటారు?"

"ఆపండి. మేము విధాన ప్రకారం ఆదుకొన్న పిమ్మట మళ్లీ నడపవచ్చును. మంత్రిగారి కార్యక్రమం నలభై రోజుల్లో ఉంటుంది."

"నలభై రోజులా!" పరదేశి గొంతు లేచింది. "కోసిన సెరుకు మూడ్రోజులకే తూకం పడిపోద్ది బాబూ. పదిహేను రోజులైతే పొయ్యిలోకే. బయట రోడ్డంట బళ్లు సూడండోసారి."

త్రివిక్రమరావు గారు చూడలేదుగాని, వేరే చిక్కు ఆయనకే తోచింది. నడుస్తున్న ఫ్యాక్టరీని ఆపాలంటే ఆపమని ఎవరో ఒకరు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇస్తే, మూతకు వాళ్లు బాధ్యులవుతారు. ఆయన కలం తీసి కామేశం గారి వైపు చాచారు. కామేశం గారికి ఆ క్షణంలోనే కుడిచెయ్యి పట్టేసింది. కలం కాసేపు గాలిలో ఉండి, వచ్చిన జేబులోకే వెళ్లిపోయింది.

గంటసేపు ఆలోచించి ప్రత్యేకాధికారి గారు దారి కనిపెట్టారు. రిజిస్టరులో స్వయంగా రాయించారు: 'ఫ్యాక్టరీ మూతపడి ఉన్నది. లోపల కొన్ని యంత్రములు కదులుచున్నవి.'

"కదలడం వేరు, నడవడం వేరు," అని ఆయన కామేశం గారికి బోధించారు. "నిద్రలో మనిషి కూడా కదులుతాడు. అంతమాత్రాన మేలుకున్నట్టా?"

*

ఆ రోజు నుంచి నెమళ్లగెడ్డ ఫ్యాక్టరీ మూతపడి నడిచింది. రోజుకి రెండు వందల బళ్ల చెరకు లోపలికి పోయేది. మూతపడిన ఫ్యాక్టరీ చెరకు కొనకూడదు కాబట్టి, కాటా దగ్గర చీటీల మీద 'గడ్డిజాతి వస్తువు' అని రాసేవారు. చక్కెర తయారు కాకూడదు కాబట్టి, గోడౌనులో పెరుగుతున్న బస్తాల మీద 'తెల్లని పదార్థము' అని అచ్చు వేశారు. పదార్థాన్ని బయటికి పంపడానికి నిబంధన లేదు. బస్తాలు కప్పుదాకా లేచాయి. చీమలకు సర్క్యులర్ అందలేదేమో, చక్కెరకు వచ్చినట్టే వచ్చాయి.

మూతపడిన ఫ్యాక్టరీలో ఎవరూ పని చేయరు కాబట్టి హాజరుపట్టీ తీసేశారు. రెండో వారంలో ప్యూను ఒక నోటీసు పట్టుకుని మిల్లు హౌసు మెట్లెక్కి, రోలర్ల పక్కన చెమటలు కక్కుతున్న పరదేశికి ఇచ్చాడు. 'మీరు పదకొండు రోజులుగా విధులకు గైర్హాజరై ఎక్కడ ఉన్నదీ తెలియరాలేదు. ఈ నోటీసు మీరు లేని కారణంగా మీకు అందజేయడమైనది.' పరదేశి దాని వెనక, అందింది అని సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం భార్య నూకరత్నానికి చదివి వినిపించాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ వింది.

"నువ్వు అక్కడ లేవని రాసినారా?"

"ఆఁ."

"మరి ఇంటికాడా లేవు. నాకైతే ఈ పదకొండు రోజులూ ఆనవాలు దొరకలేదు. ఆ కాయితం నాకియ్యి. నేను కూడా సంతకం ఎడతాను."

పరదేశి నవ్వాడుగాని, ఆ రాత్రి అన్నం సయించలేదు. నాలుగేళ్లలో రిటైరవుతాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లలో ఒక్క మెమో లేదు. ఇప్పుడు ఉన్నచోట లేడని తేల్చారు. ఇలాగే ఇంకో నెల పోతే, ఎప్పుడూ లేనేలేడని తేల్చగలరు. మర్నాడు పొద్దున్నే మాత్రం మామూలుగా డ్యూటీకి వెళ్లాడు. బళ్లు ఆగలేదు కదా.

*

మూడో వారంలో జవాబుదారీ సంఘం వచ్చింది. అధ్యక్షురాలు విశాలాక్షి గారు. ముప్ఫై ఏళ్లలో పదిహేడు సంఘాలకు అధ్యక్షత వహించిన మనిషి. ఏ సంఘమూ ఎవరినీ బాధపెట్టలేదని పేరు. ఆదుకున్నందుకు బాధ్యులు ఎవరో ముందుగా తేల్చి, ఫలకం చెక్కించడం ఈ సంఘం పని.

విచారణ కామేశం గారి గదిలో జరిగింది. పక్కనే మిల్లు హౌసు. గోడలు అదురుతున్నాయి. టేబుల్ మీద గ్లాసులు వాటంతట అవే జరుగుతున్నాయి.

"మూతపడిన ఫ్యాక్టరీల్లో," అని విశాలాక్షి గారు గొంతు చించుకుని మొదలుపెట్టారు, "ఒక రకమైన విషాద నిశ్శబ్దం ఉంటుంది!"

"ఏమన్నారండీ?" అని అరిచారు త్రివిక్రమరావు గారు.

"నిశ్శబ్దం! నిశ్శబ్దం అంటున్నాను!"

సంఘం సభ్యుడొకాయన నిశ్శబ్దం అని రాసుకున్నాడు. టీలు వచ్చాయి. తెచ్చిన క్యాంటీను మనిషి వంగి వినయంగా అడిగాడు. "అమ్మగారికి పదార్థం రెండు చెంచాలా, మూడా?"

విశాలాక్షి గారు రెండు వేయించుకుని తాగారు. బావుంది అన్నారు. ఏది బావుందో రికార్డులో రాయలేదు. తరవాత పరదేశిని పిలిచారు.

"ఈ సంస్థను ఆదుకున్నది మీరని కొందరు అంటున్నారు. నిజమేనా?"

పరదేశికి రెండోసారి చెబితేగానీ వినపడలేదు. విన్నాక తల అడ్డంగా ఊపాడు. "నాకు ఆదుకోడం తెల్దమ్మా. మిల్లు పని తెలుసు. అమ్మా, ఒక్క మాట. ఆ బస్తాలు బయటికి ఒదిలించండి. గోడౌను నిండిపోతే మిల్లు ఆపీవాలి."

"ఆగి ఉన్న దాన్ని ఆపడమేమిటి?" అన్నారావిడ, దయగా. "మీరు అలిసిపోయినట్టున్నారు. వెళ్లి విశ్రాంతి తీసుకోండి. ఎలాగూ గైర్హాజరులోనే ఉన్నారు."

ఆదుకోవడం తెలియదని వాంగ్మూలం ఇచ్చాడు కాబట్టి పరదేశి పేరు జాబితాలోంచి పోయింది. ఇక మిగిలినవాళ్ల వంతు. మొదట ఎవరూ బాధ్యత తీసుకోడానికి ఒప్పుకోలేదు. సాయంత్రం సంఘాన్ని మిల్లు చూడ్డానికి తీసుకెళ్లారు. చెరకు పర్వతంలా వచ్చి పిప్పిలా పోతుంటే, రసం కాలవ కట్టి పారుతుంటే, చూసినవాళ్లందరికీ ధైర్యం వచ్చింది. ఇది ఎలాగూ నడిచేదే. చీకటిపడే లోపల బాధ్యులుగా తొమ్మిదిమంది ముందుకొచ్చారు. మంత్రిగారి పేరు మొదట, త్రివిక్రమరావు గారిది రెండోది, విశాలాక్షి గారిది మూడోది. చిన్న రాయి చాలక ఆరడుగుల రాయి తెప్పించారు.

*

ప్రారంభోత్సవం ముందురోజు త్రివిక్రమరావు గారు పరదేశికి స్వయంగా వివరించారు. మంత్రిగారు బటన్ నొక్కుతారు. నొక్కగానే ఫ్యాక్టరీ నడవాలి. నడవాలంటే అప్పటిదాకా ఆగివుండాలి. తాను పచ్చ రుమాలు ఊపగానే ఆపాలి, బటన్ నొక్కినప్పుడు నడపాలి.

"ఊరికే ఆపితే అవదు బాబూ," అన్నాడు పరదేశి. "ముందు సెరుకు ఏయడం మానీసి, మిల్లులు కాళీ అయ్యీదాకా తిప్పాలి. అరగంట. నోట్లో మేత ఉండగా ఆపీసి మళ్లీ ఒక్కసారి తిప్పితే ఆ పాత ఇరుసు ఆగదు."

"మంత్రిగారు పది నలభైకి వస్తారు. మీరు పదింటికి ఖాళీ చెయ్యడం మొదలుపెట్టండి. సమయం నిమిషాలతో సహా ఖరారైంది."

పరదేశి పదింటికి మొదలుపెట్టాడు. మంత్రిగారు పది గంటల రెండు నిమిషాలకు వచ్చారు. ఆయన రాజకీయ జీవితంలో ముందుగా రావడం అదే మొదలు. పచ్చ రుమాలు ఊగింది. పరదేశి చేతులు అడ్డంగా ఊపాడు. రుమాలు ఇంకా గట్టిగా ఊగింది. అప్పటికీ ఆపకపోతే ఒక సబ్ ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి వచ్చి పక్కన నిలబడ్డాడు. పరదేశి ఆపాడు. నాలుగు మిల్లుల నోళ్లలోనూ చెరకు అలాగే ఉంది.

ఉపన్యాసాలు గంటన్నర సాగాయి. మూతపడిన ఫ్యాక్టరీల గురించి, కన్నీళ్ల గురించి, కన్నీళ్లు తుడవడం గురించి మంత్రిగారు మాట్లాడారు. లోపల మూడో మిల్లులో చెరకు పిప్పి రసంతో కలిసి గట్టిపడుతోంది. పరదేశి గునపంతో తవ్వి లాగబోయాడు. పోలీసాయన ముట్టుకోవద్దన్నాడు. మంత్రిగారు నొక్కేముందు ఏదీ కదలకూడదని ఆర్డరట.

బటన్‌కి వైరు లేదు. మంత్రిగారు నొక్కారు. పరదేశి కళ్లు మూసుకుని ఆవిరి తెరిచాడు. మొదటి మిల్లు తిరిగింది. రెండోది తిరిగింది. మూడో దగ్గర ఫిరంగి పేలినట్టు పెద్ద చప్పుడు అయింది. బయట జనం అది టపాకాయలనుకుని చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కూడా కొట్టారు. రోలరు ఇరుసు రెండు ముక్కలై, ఒక ముక్క పరదేశి కాలికి జానెడు దూరంలో పడింది.

పన్నెండు గంటలకు ధ్రువపత్రం మీద సంతకాలయ్యాయి. 'సదరు ఫ్యాక్టరీ ఆదుకొనబడినది. నడుచుచున్నది.'

*

ఇలా నెమళ్లగెడ్డ ఫ్యాక్టరీ ఆగిపోయి నడవడం మొదలుపెట్టింది.

హాజరుపట్టీ తిరిగి వచ్చింది. పరదేశి రోజూ సంతకం పెట్టి, చల్లగా పడివున్న మిల్లు పక్కన కూర్చునేవాడు. కాటా దగ్గర చీటీల మీద చక్కగా చెరకు అని రాసేవారు. తూచిన చెరకు లోపలికి పోయే దారి లేక బళ్ల మీదే ఉండేది. నాలుగు రోజులకు బళ్ల వరస రెండు మైళ్లు దాటింది. గేటు ముందు రెండో బండి అప్పలనర్సుది. కోత కోసుకొచ్చి అయిదు రోజులు. చెరకు కొసలు ముడుచుకుపోయి, పుల్లటి వాసన వేస్తున్నాయి. అతను ఎద్దుల్ని విప్పి, బండి కిందే పడుకుంటున్నాడు. పరదేశిని చూసినప్పుడు ఏమీ అనలేదు. అనివుంటే బాగుండునని పరదేశికి అనిపించింది.

ఇరుసు సంగతి మెల్లిగా పై దాకా పాకింది. అప్పుడు రాతి ఫలకం దగ్గర శిల్పికి పని తగిలింది. మంత్రిగారు తాను బటన్ మాత్రమే నొక్కానని, బాధ్యత నొక్కలేదని తెలియజేయగా, మొదటి పేరు చెక్కి తీసేశాడు. మర్నాడు రెండోది. ఆ మర్నాడు విశాలాక్షి గారిది. వారం తిరిగేసరికి ఫలకం నున్నగా తేలింది. కానీ నియమావళి ప్రకారం ఒక్క పేరైనా ఉండి తీరాలి. లేకపోతే, నియమావళిని ఉల్లంఘించినందుకు బాధ్యులెవరో తేల్చాల్సి వస్తుంది.

సంఘం మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరూ అరవనక్కర్లేదు. గోడగడియారం కూడా వినిపిస్తోంది.

"నడుస్తున్న ఫ్యాక్టరీ ఇంత ప్రశాంతంగా ఉండటం," అన్నారు విశాలాక్షి గారు, "నిర్వహణ ఎంత బాగుందో చెబుతోంది." తరవాత పరదేశి కేసి తిరిగారు. "నాయుడుగారూ, సంఘం మీ సేవలను పునఃపరిశీలించింది. ఈ సంస్థను ఆదుకున్నది మీరే. మీ పేరు ఫలకం మీద ఉండాలి. ఒంటరిగా."

పరదేశికి ఇది మొదటిసారికే వినపడింది.

"దాని తరవాత ఏటవుద్దమ్మా?"

త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకున్నారు. "తరువాత, తుక్కుగా నమోదైన వస్తువును యంత్రంలో అమర్చుట, తత్ఫలితముగా ఇరుసు భంగమగుట, ఇత్యాది విషయాలపై బాధ్యుని సంజాయిషీ కోరబడును. అది మామూలే."

అంటే సస్పెన్షను. పరదేశి కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడు కామేశం గారు నీళ్ల గ్లాసు అందిస్తున్నట్టు వంగి, అతని చెవి దగ్గర అన్నారు. "నాయుడూ, నియమావళి ఆఖరి పేజీ ఎవరూ చదవలేదు. నేను చదివాను. ఒప్పుకో."

పరదేశి ఆయన ముఖం చూశాడు. ఇన్నాళ్లలో ఆ మనిషి ఎవరికీ ఏదీ చెయ్యమని చెప్పి ఎరగడు.

"అలాగేనమ్మా," అన్నాడు పరదేశి. "బాధ్యుణ్ణి నాను. రాసుకోండి."

రాసుకున్నారు. మూడు ముద్రలు పడ్డాయి. అందరూ లేవబోతుంటే కామేశం గారు కూర్చునే చదివారు. "నియమం ఇరవై మూడు. బాధ్యుడిగా ప్రకటితుడైన క్షణం మొదలు, బాధ్యత తీరువరకు, సంస్థపై సర్వాధికారములు సదరు బాధ్యునికే చెందును. బాధ్యుని ఉత్తర్వులను ప్రశ్నించుటకు ఏ అధికారికీ, ఏ సంఘానికీ హక్కు లేదు."

లేవబోయినవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

"ఆ నియమం ఎవరు పెట్టారు?" అన్నారు విశాలాక్షి గారు.

"రావు గారండీ," అన్నారు కామేశం గారు. "బాధ్యులు తామే అవుతామనుకున్న రోజుల్లో."

త్రివిక్రమరావు గారు ఏదో అనబోయారు. అంటే ప్రశ్నించినట్టవుతుంది. ఊరుకున్నారు.

పరదేశి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే కామేశం గారి చేత రాయించాడు. ఒకటి, మూడో మిల్లుని వరసలోంచి తప్పించాలి. రెండో మిల్లు నుంచి నాలుగోదానికి చెరకు నేరుగా పోయేలా, దాన్ని మోసే పట్టాలు కోసి కలపాలి. రసం కొంచెం తగ్గుతుంది, ఫర్వాలేదు. ఇది ఫ్యాక్టరీ మూతపడిన రోజునే అందరికీ తెలిసిన పని. పట్టాలు కొయ్యడానికి సంతకం పెట్టేవాడు లేక ఆగింది. రెండు, గోడౌనులో ఉన్నది చక్కెర.

"ఇంకేమైనా ఉందా?" అన్నారు కామేశం గారు. ఆయన కలం ఇప్పుడు చకచకా సాగుతోంది.

"రావుగారి కారు బళ్లకి అడ్డంగా ఉంది. తీయించమని రాయండి."

పదకొండుమంది మళ్లీ వచ్చారు. కోయడానికీ అతకడానికీ రెండు పగళ్లు పట్టింది. మూడోనాడు పొద్దున్న తొమ్మిదింటికి మూడు మిల్లులు తిరిగాయి. అప్పలనర్సు చెరకు మూడోవంతు తూకం పోయింది. మిగతాది నలిగింది. అతను రసం కాలవ దగ్గర కూర్చుని, చివరి గడ దాకా చూసి లేచాడు. "మావా, సరుగుడు ఏయనులే," అన్నాడు.

ఫ్యాక్టరీ ఉగాది దాటాక పదిరోజులదాకా నడిచింది. గోడౌను ఖాళీ అయింది. ప్రభుత్వం ఆదుకున్న సంస్థల్లో సీజను పూర్తిచేసినది అదొక్కటే కావడంతో పైన కలవరం పుట్టింది. నియమావళిని సవరించారు. ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ బాధ్యత స్వీకరించరాదు. సవరణతోబాటే పరదేశికి మెమో వచ్చింది. 'మీరు ఎవరి అనుమతితో బాధ్యత స్వీకరించారు?'

నూకరత్నం మెమో చూసి, ఈసారి నవ్వలేదు. "నిజమే రాయి," అంది. "అబద్ధమాడితే నీకు గురుతుండదు." పరదేశి నాలుగు రోజులు కూర్చుని జవాబు రాశాడు. 'అయ్యా, రోడ్డు మీద బళ్లు ఉన్నాయి. చెరకు ఎండిపోతోంది. అడుగుదామంటే బాధ్యులెవరూ లేరు. అందువల్ల తీసుకున్నాను. చిత్తగించవలెను.'

ఆ జవాబు మీద విచారణకు ఆదేశించారు. విచారణ పూర్తయ్యేవరకు యథాతథస్థితి కొనసాగాలనీ, బాధ్యుణ్ణి ఆ స్థానంలోంచి కదపరాదనీ ఆదేశంలో ఉంది. కామేశం గారు దాన్ని పట్టుకుని మిల్లు హౌసుకి వచ్చారు. పరదేశి, వచ్చే సీజనుకి బాగుచేయడానికి విప్పిన మిల్లు పక్కన గొంతుక్కూర్చుని, కిరసనాయిలుతో పళ్లచక్రం కడుగుతున్నాడు.

"ఇసారణ ఎప్పటికి తెములుద్దంటారు బాబూ?"

కామేశం గారు వేళ్లు మడిచి లెక్కపెట్టారు. "తెమలాలంటే చివర్న ఎవరో ఒకరు సంతకం పెట్టాలి నాయుడూ. ఫైలు కింద నుంచి పైకి ఆరుగురు, పైనుంచి కిందికి ఆరుగురు... తక్కువలో తక్కువ మూడు సీజన్లు."

పరదేశి చక్రం పక్కన పెట్టాడు.

"అయితే నాలుగో మిల్లు కూడా ఇప్పీసుకుందాం," అని లేచి, పానా అందుకున్నాడు.